జనపనార ఊరిన తొట్టి

కోసిన జనపకట్టెలు వారాల తరబడి నీళ్లలో నానితే తప్ప నార ఊడిరాదు. చెరువులు ఎండిపోయే చోట రైతుకు అది సాగదు. తక్కువ నీళ్లలో, త్వరగా నారను వదిలించే సూక్ష్మజీవుల కోసం కనకలక్ష్మి ఏళ్లుగా వెతుకుతోంది. ఆమెది విజయనగరం వైపు. తండ్రి పనిచేసే జూట్ మిల్లు మూతపడ్డాక వాళ్ల కుటుంబం సికింద్రాబాద్ చేరింది.

కాప్రాలో ఒక చిన్న ప్రైవేటు సంస్థ అద్దెకు తీసుకున్న షెడ్డులో, నేలలోకి తవ్వి కట్టిన లోతైన సిమెంటు తొట్టిలో ఆమె ప్రయోగం సాగేది. మెట్టుగూడ నుంచి వచ్చే సైలస్ ఆమెకు సహాయకుడు. కట్టలు తిప్పడం, నీళ్ల నమూనాలు తీయడం అతని పని.

ఆ వేసవిలో కుళ్లు వాసన భరించలేక చుట్టుపక్కల వాళ్లు షెడ్డు ముందుకొచ్చి గొడవ చేశారు. తొట్టిని టార్పాలిన్‌తో కప్పించమన్నాడు సంస్థ యజమాని నరసరాజు.

"కప్పితే లోపల గ్యాస్ పేరుకుంటుందండీ. మనిషి దిగితే ప్రమాదం," అంది కనకలక్ష్మి.

"ఎవరినీ దిగనివ్వకండి మరి. షెడ్డు ఖాళీ చేయమంటే మీ ప్రయోగం ఎక్కడ చేస్తారు?"

ఆమె కప్పించింది. సైలస్‌ను పిలిచి, "నేను లేకుండా లోపలికి దిగకు," అని మాత్రం చెప్పింది. ఎందుకో చెప్పలేదు. భయపడి పని మానేస్తాడేమో అనుకుంది.

ఒక ఉదయం ఆమె దారిలో ఉండగా సైలస్ ఫోన్ చేశాడు.

"మేడం, కట్ట తాడు తెగి అడుక్కు పోయింది. జెర దిగి తీస్తా."

"ఆగు, వస్తున్నా."

ట్రాఫిక్ హారన్లలో అతనికి వినబడిందో లేదో, ఫోన్ కట్టయింది. మళ్లీ చేస్తే ఎత్తలేదు.

ఆమె వెళ్లేసరికి టార్పాలిన్ ఒక మూల ఎత్తి ఉంది. నల్లటి నీళ్లలో సైలస్ బోర్లా పడి ఉన్నాడు. ఆమె నిచ్చెన మీద కాలు పెట్టింది. వాచ్‌మన్ జకర్యా చేయి పట్టుకుని వెనక్కి లాగాడు.

"దిగొద్దు మేడం. మీరు సుత పోతరు."

ఇద్దరూ కలిసి టార్పాలిన్ లాగేసి, ఫైరింజనుకు ఫోన్ చేశారు. ఫైరింజను వాళ్లు మాస్కులు పెట్టుకుని బయటికి తీసేటప్పటికి సైలస్‌లో ప్రాణం లేదు.

ఆసుపత్రి వరండాలో నరసరాజు ఆమెను పక్కకు పిలిచాడు. "కాలు జారి పడ్డాడని చెబుదాం. వాళ్లింటి సంగతి నేను చూసుకుంటాను. మీ పేరు కూడా బయటికి రాదు."

ఆమె నేరుగా మెట్టుగూడ వెళ్లింది. సైలస్ భార్య రాజ్యం బంధువుల మధ్య నేల మీద కూర్చుని ఉంది.

"కాలు జారిండంట గద మేడం."

"లేదమ్మా. తొట్టిలో విషవాయువు ఉంది. తొట్టిని కప్పించింది నేనే. ప్రమాదమని నాకు తెలుసు."

"ఆయనకు చెప్పినవా?"

"దిగొద్దన్నాను. ప్రాణం పోతుందని చెప్పలేదు."

"చెప్తే దిగకపోయేటోడు," అంది రాజ్యం. "ఇగ పో మేడం. నువ్వు గిట్ల కూసుంటే నాకు ఊపిరాడ్తలేదు."

అక్కణ్నుంచి కనకలక్ష్మి పోలీస్ స్టేషన్‌కు వెళ్లి అదే మాట చెప్పింది. ఆమె మీద, నరసరాజు మీద కేసు పెట్టారు. ఉద్యోగం పోయింది. తొట్టిని మట్టితో పూడ్చేశారు.

కేసు నడుస్తుండగా, అంతకుముందే పరీక్షకు పంపిన నార ఫలితం ఫోన్‌కు వచ్చింది. నార తెల్లగా, బలంగా ఉంది. ప్రయోగం నెగ్గింది. ఆ సంగతి ఎవరికి చెప్పుకోవాలో తెలియక ఆమె వంటింటి గడప మీద కూర్చుండిపోయింది.