ముద్ద మీద ముద్ద

"పిల్లకి పాలు మాన్పించమన్నాను గానీ, నిన్ను తిండి మానెయ్యమన్నానా?" అంది మా అత్తయ్య, పెనం మీద మూత తీస్తూ.

ఆ ఇంజెరా అట్టు పోసింది నేను. మూత తియ్యాల్సిందీ నేనే. కానీ అట్టు మీద కళ్లు సరిగ్గా పడ్డాయో లేదో తను చూస్తే గానీ ఆవిడకి తృప్తి ఉండదు. పులిసిన పిండి వాసన ఆవిరితో కలిసి నా మొహానికి కొట్టింది. ఊపిరి బిగబట్టుకుని తరవాతి గరిటె పోశాను. బయటి అంచు నుంచి మధ్యకి, చుట్లు చుట్లుగా. పొద్దుటి నుంచి ఆ పొయ్యి దగ్గరే ఉన్నాను. వారానికి సరిపడా అట్లు అయ్యాయి. వాటిలో ఒక్క ముక్క తుంచి నోట్లో వేసుకోవాలని అనిపించలేదు. దానికి కారణం ఆవిడకి నేను చెప్పలేను. ఎందుకంటే అది నాకూ తెలియదు.

మా పిల్ల మెక్లిత్ పుట్టినప్పటి నుంచి పాలు మాన్పించేదాకా ఈ ఇంట్లో నేను తిన్నంత తిండి ఇంకెవరూ తినలేదు. బార్లీ సంకటి మధ్యలో గుంట చేసి, అందులో మసాలా వెన్న నింపి, మంచం దగ్గరికే తెచ్చిచ్చేవారు. సగం రాత్రి ఆకలి వేసి లేస్తే అత్తయ్యే లేచి జావ కాచేది. "తిను నా తల్లీ, తిను, రొమ్ములో పాలు ఆకాశం నుంచి ఊడిపడతాయా?" అనేది. నన్ను ఎంత ప్రేమగా చూసుకుంటున్నారో అని మా అమ్మకి ఫోన్ చేసి చెప్పుకున్నాను. పాలిచ్చే తల్లినని బుధ, శుక్రవారాల చర్చి ఉపవాసాలు కూడా నాకు లేవు. ఇంట్లో మాంసం వండితే మొదటి ముక్క నాదే. మా ఆయన అస్రత్ నవ్వేవాడు. "మా ఇంట్లో ఆవు బాగా మేస్తోంది" అనేవాడు. నేనూ నవ్వాను. అందులో ఏడవడానికి ఏముందో అప్పుడు నాకు తట్టలేదు.

పిల్లకి రెండేళ్లు నిండగానే అత్తయ్య కలబంద మట్ట విరిచి తెచ్చింది. "ఇంక చాలు. ఇది చీకుతున్నంత కాలం రెండోది రాదు" అని, ఆ చేదు రసం నా రొమ్ములకి తనే పూసింది. వద్దనే ధైర్యం చెయ్యలేదు నేను. పిల్ల నోరు పెట్టి, మొహం చిట్లించి, నా వైపు చూసిన చూపు ఇంకా నా కళ్లలోనే ఉంది. రొమ్ములు రాళ్లలా గట్టిపడితే గుడ్డతో బిగించి కట్టుకున్నాను. కొన్నాళ్లకి పాలు ఇంకిపోయాయి. వాటితో పాటే ఆకలీ పోయింది. ఎవరో దీపం ఆర్పినట్టు పోయింది.

మా ఇళ్లలో అందరం ఒకే పళ్లెంలో తింటాం కాబట్టి ఎవరు ఎంత తిన్నారో దాచడం కుదరదు. అందరి ముందూ అట్టు తరిగిపోతుంది. నా ముందున్న అంచు మాత్రం అలాగే ఉంటుంది. అత్తయ్య చూపు అక్కడే ఆగుతుంది. అట్టు తుంచి, కూర అద్ది, ముద్ద చుట్టి, నా నోటి దగ్గరికి తెస్తుంది. ఇలా నోటికి అందించే ముద్దే గుర్షా. గుర్షా అంటే ప్రేమ. ప్రేమని కాదనేది ఎవరు? నోరు తెరుస్తాను. "ఒక్క ముద్దతో ఆపితే తగువులొస్తాయి" అంటూ రెండోది. ఆ తరవాత అస్రత్ చేత్తో మరొకటి, వాళ్లమ్మ ముద్ద కంటే పెద్దది. గొంతు దిగదు. బుగ్గన పెట్టుకుని, ఉప్పు తెస్తానని లేచి, వంటింటి వెనక ఉమ్మేసి, నోరు కడుక్కుని, ఉప్పు పట్టుకొస్తాను. కూరలో ఉప్పు ఎక్కువైందన్న మాట కూడా అదే పళ్లెం ముందు పడ్డాను.

ఉపవాసాలు మళ్లీ మొదలయ్యాక నాకు హాయిగా ఉండేది. మధ్యాహ్నం దాకా నన్ను తినమనేవాళ్లే ఉండరు. "చదువుకున్నదైనా భక్తి ఉంది" అని అత్తయ్య వీధిలో చెప్పుకుంది. చరిత్రలో పట్టా పుచ్చుకున్నాను. పెళ్లికి ముందు రెండేళ్లు బళ్లో పాఠాలు చెప్పాను. ఈ ఇంట్లో ఆ చదువు గురించి ఒక మంచి మాట రావడానికి నా కడుపు ఖాళీగా ఉండాల్సి వచ్చింది.

ఊరికే కూర్చోలేదు. నాకు తోచిన ప్రయత్నాలన్నీ చేశాను. అందరికంటే ముందు వంటింట్లో నిలబడి కాస్త షిరో, అదే శనగపిండి పులుసు, తాగి చూశాను. పొద్దున్నే చలిలో కోళ్ల సంత దాకా నడిచి వచ్చాను. వేయించిన శనగలు కొంగున కట్టుకుని, పని మధ్యలో నాలుగేసి నోట్లో వేసుకున్నాను. అవి కాస్త దిగేవి. దిగుతున్నాయని సంతోషించేలోపు, "చాటుగా తినే అలవాటు ఎప్పటి నుంచి?" అనేది అత్తయ్య.

పోయిన ఆదివారం కాఫీకి పక్కింటి జెనెబెచ్ వచ్చింది. ఆనవాయితీ ప్రకారం కాఫీ గింజలు వేయించి పొగ అందరి ముక్కుల దగ్గరా తిప్పుతుంటే నాకు కడుపులో దేవింది. పళ్లెం కింద పెట్టేసి వాకిట్లోకి పరిగెత్తాను. వెనక నుంచి జెనెబెచ్ నవ్వుతూ అత్తయ్యని అడగడం వినపడింది.

"యెషిమెబెత్ వదినా, మాకు చెప్పకుండా దాచావే! ఎన్నో నెల?"

"నాకు మాత్రం చెప్పిందా? నీ నోట మంచి మాట వచ్చింది, ఇంకో కప్పు తాగు!" అంది అత్తయ్య.

నేను లోపలికి వచ్చేసరికి ఇద్దరూ పేరు దగ్గరికి వెళ్లిపోయారు. ఈసారి మగపిల్లాడట. "అది కాదు అత్తయ్యా" అన్నాను. "ఏది కాదో ఏది అవునో మాకు తెలీదా? నేను ఏడుగుర్ని కన్నాను" అంది ఆవిడ. జెనెబెచ్ నా గడ్డం పట్టుకుని, "సిగ్గు చూడు, మొదటి కాన్పు పిల్లలా" అంది.

సాయంత్రం అస్రత్ ఇంటికి రాగానే కబురు అందింది. నన్ను గదిలోకి పిలిచాడు. అది నిజం కాదనీ, నెల తప్పలేదనీ, తిండి మాత్రమే సయించడం లేదనీ, రోజంతా ఒంట్లో ఎవరూ లేనట్టుగా ఉంటోందనీ ఉన్నది ఉన్నట్టు చెప్పాను. అతను బూట్ల తాళ్లు విప్పుకుంటూ విన్నాడు. కోపం లేదు. నిజానికి చాలా దయగానే మాట్లాడాడు.

"దీనికింత బాధెందుకు సెబ్లె? లేకపోతే ఉండేలా చూద్దాం. మెక్లిత్ అప్పుడు ఎలా తినేదానివి! కడుపు నిండితే ఆకలి దానంతటదే వస్తుంది."

ఆ రాత్రి అతను నా వైపు తిరిగితే తలనొప్పి అన్నాను. కానీ తలనొప్పి ఎన్ని రాత్రులు కాపాడుతుంది? కళ్లు మూసుకుని లెక్క సరిచూసుకున్నాను. నాకు పెట్టిన సంకటి, జావ, వెన్న, మొదటి మాంసం ముక్క, అన్నీ నాలోంచి ఇంకొకరికి వెళ్లడానికి పెట్టినవే. దారి మూసుకుపోయేసరికి వీళ్లకి తోచిన వైద్యం మళ్లీ దారి తెరవడం. ఈ తిండి తినాల్సిన మనిషిని నేనేనని ఇంట్లో ఒక్కరికీ తట్టలేదు.

మర్నాడు అత్తయ్యే నన్ను ఆసుపత్రికి పంపింది. పిల్లని తను ఎత్తుకుంది. మంచి శాలువా కూడా ఇచ్చింది. "పరీక్ష చేయించుకుని చల్లటి కబురుతో రా" అంది.

నర్సు నా వయసుదే ఉంటుంది. పరీక్ష చూసి, "ఏమీ లేదక్కా" అంది. రక్తం కూడా చూసింది. "పాలిచ్చినప్పుడు ఒళ్లు ఎక్కువ అడుగుతుంది. మానేశాక అంత అడగదు. మనసు కూడా కొన్నాళ్లు డీలా పడుతుంది. కొంచెం కొంచెంగా, తినబుద్ధయినప్పుడే తినండి. నెల దాటినా ఇలాగే ఉంటే, ఏడుపొస్తూ ఉంటే, తప్పకుండా మళ్లీ రండి." చీటీ మీద ఏదో రాస్తూ, తల ఎత్తకుండానే అడిగింది. "ఇంకో బిడ్డ కావాలా మీకు?"

ఆ ప్రశ్న నన్ను అడగడం వింతగా ఉంది.

"ఇప్పుడొద్దు" అన్నాను.

పిల్లలు పుట్టకుండా మోచేతి పైన చర్మం కింద పెట్టే సన్నటి కడ్డీల గురించి చెప్పింది. మూడేళ్లవి ఉన్నాయి, ఐదేళ్లవి ఉన్నాయి అంది. ఐదేళ్లవి పెట్టమన్నాను. మత్తు సూది గుచ్చుకున్నప్పుడు చిన్న మంట, అంతే. గుడ్డ కట్టి, తడపకండి అని చెప్పి పంపింది.

గేటు దాటుతుండగా ఫోన్ మోగింది.

"ఏమన్నారే?" అత్తయ్య గొంతులో అప్పుడే నవ్వు ఉంది. జెనెబెచ్ పక్కనే ఉన్నట్టుంది.

"ఏమీ లేదన్నారు. ఐదేళ్ల దాకా కడుపు రాకుండా చేతికి పెట్టించుకున్నాను అత్తయ్యా. అస్రత్‌కి సాయంత్రం నేనే చెబుతాను."

అవతల మెక్లిత్ ఏడుపు అందుకుంది.

"ఎవర్ని అడిగి చేయించుకున్నావు?"

"నన్నే అడిగారు అత్తయ్యా."

ఫోన్ పెట్టేసింది. ఇంటికి వెళితే ఏమవుతుందో నాకు తెలుసు. ఒక వారం మాటలుండవు, ఆ తరవాత మరీ ఎక్కువ మాటలుంటాయి. బస్సుల స్టాండు పక్కన చిన్న హోటల్లోంచి తాలింపు వాసన వచ్చింది. ఎల్లిపాయ, పచ్చిమిరప. అలవాటుగా ఊపిరి బిగబట్టుకున్నాను, వికారం కోసం ఎదురుచూశాను. రాలేదు. నెమ్మదిగా ఊపిరి వదిలి మళ్లీ పీల్చాను. నోట్లో నీళ్లూరాయి.

లోపలికి వెళ్లి గోడ పక్కన కూర్చున్నాను. హోటలామె చేతులు కడుక్కోవడానికి నీళ్లు పోసి, నా వెనక ఇంకెవరైనా వస్తున్నారేమోనని తలుపు వైపు చూసింది. అస్రత్‌కి ఏది ఇష్టమో, అత్తయ్యకి ఏది పడదో నిద్రలో అడిగినా చెప్పగలను. నాకేం కావాలో చెప్పడానికి మాత్రం ఉన్న వంటలన్నీ ఆమె చేత రెండుసార్లు చెప్పించుకున్నాను. చివరికి బంగాళదుంపల కూర తెమ్మన్నాను.

"ఎంతమందికమ్మా?" అంది, పెద్ద పళ్లెం చేతిలోకి తీసుకుంటూ.

"ఒక్కదానికే."