ముడి ఎవరిది?

ఆ సెట్‌లో ఒకరి మాట ఒకరు నమ్మడం మానేసి చాలా రోజులైంది. సినిమాను సగంలో లాక్కుని ఇంకొకడి చేతిలో పెడతాడేమోనని డైరెక్టర్‌కు నిర్మాత మీద అనుమానం. అసలు ఇతగాడికి కథ తెలుసా అని నిర్మాతకు డైరెక్టర్ మీద అనుమానం. రెండో అనుమానంలో నిజముంది. ఏ రోజు సీను ఆ రోజు పొద్దున కాఫీ తాగుతుండగా పుట్టేది, మధ్యాహ్నానికి మారిపోయేది.

ఇంతవరకూ ఎవరూ తీయని యాక్షన్ సినిమా తీస్తున్నామని గొప్పగా మొదలుపెట్టారు. ఎవరూ ఎందుకు తీయలేదో ఒక్కొక్కటిగా తెలిసివచ్చింది. పేలిపోవాల్సిన వంతెన అందరూ భోజనాలకు కూర్చున్న వేళ, కెమెరాలకు మూతలు వేసి ఉండగా పేలింది. వరద సీను కోసం కట్టిన తొట్టి పగిలి నీళ్ళన్నీ మేకప్ గదిలోకి వెళ్తే, హీరోగారి విగ్గు తేలుకుంటూ గుమ్మం దాకా వచ్చి ఆగింది. అద్దెకు తెచ్చిన హెలికాప్టర్ పైకి లేవదన్న సంగతి లారీ మీంచి దింపాక గానీ తెలియలేదు.

ఇన్ని జరిగాక "మనలోనే ఎవడో ఉండి చేయిస్తున్నాడు" అనే మాట పుట్టకుండా ఉంటుందా? పుట్టింది. లైట్లవాళ్ళు కెమెరావాళ్ళను ఓరగా చూడసాగారు. కెమెరావాళ్ళు డ్రైవర్లను చూడసాగారు. డ్రైవర్లు ఎవరిని అనుమానించాలో తోచక వంటవాణ్ణి అనుమానించారు. ఈ మాటను అందరికంటే గట్టిగా పట్టుకున్నవాడు ఫైట్ మాస్టర్. ఆ ఎవడో ఎవరో కూడా ఆయన తేల్చేసుకున్నాడు. సొంత బావమరిది.

మాస్టారు తాడు మీద బతికిన మనిషి. ఎంత ఎత్తు నుంచి దూకే సీనైనా, తాడు పైనున్న గిలక మీదుగా వచ్చి కింద ఇనప స్తంభానికి కట్టి ఉంటుంది. దూకినవాడు నేలకు తగలకుండా గాలిలో ఆగాలంటే ఆ స్తంభం దగ్గరి ముడే దిక్కు. ముడిని కంటితో చూసి నమ్మకూడదు, వేలితో తడిమి నమ్మాలి అని ఆయన శిష్యులకు నేర్పేవాడు. తానైతే కళ్ళు మూసుకునే ముడి వేసేవాడు. వేశాక కుడిచేతి వేళ్ళతో ఒకసారి తడిమి "ఊఁ" అనేవాడు. ఆ "ఊఁ" అయ్యాక ఆ ముడిని ఇంకెవరూ ముట్టుకోకూడదు. అది ఆయన జట్టులో కట్టుబాటు. ఒకడు కట్టిన ముడి మీద ఇంకొకడి చెయ్యి పడితే, రేపు ఏదన్నా అయినప్పుడు ఎవణ్ణి అడగాలి?

అలాంటిది, కప్పుకు వేలాడే దీపాల గుత్తి, అదే షాండ్లియర్, పట్టుకుని ఊగే సీనులో ఆయన కట్టిన తాడు జారింది. ఊగుతున్న మనిషి మూరెడు కిందికి దిగి బల్ల అంచుకు కొట్టుకున్నాడు. మడమ విరిగింది. తన ముడి జారడమా! ఆ ఆలోచన మాస్టారి బుర్రలోకే రాలేదు. ఎవడో చెయ్యి పెట్టాడు, అంతే.

ఆ తరవాత కొన్నాళ్ళకు, అందరూ తిండికి వెళ్ళిన వేళ, మరిచిపోయిన తువ్వాలు కోసం ఆయన వెనక్కి వచ్చాడు. స్తంభం దగ్గర బావమరిది గొంతుక్కూర్చుని ఉన్నాడు. చేతిలో మాస్టారు కట్టిన ముడి, సగం విప్పి ఉంది.

"ఏం చేస్తున్నావురా?"

బావమరిది ఉలిక్కిపడ్డాడు. "ఏం లేదు బావా. దుమ్ము పట్టిందని దులుపుతున్నా."

తాడుకు దుమ్మట! మాస్టారికి అరికాలి మంట నెత్తికెక్కింది. అయినా తువ్వాలు భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. దొంగను పట్టాలంటే తొందరపడకూడదని ఆయన పనిచేసిన సినిమాల్లో చాలాసార్లు చూశాడు.

ఈ బావమరిది మాస్టారి భార్యకు తమ్ముడు. అమ్మానాన్నా పోతే అక్క ఇంట్లోనే పెరిగాడు. చెయ్యి పట్టుకుని ఈ పనిలోకి తెచ్చింది మాస్టారే. అన్నం పెట్టినవాడి కింద గోతులు తవ్వుతాడా అని మొదట్లో మనసొప్పలేదు. కానీ ఒకసారి అనుమానం వచ్చాక ప్రతిదీ సాక్ష్యమే. ప్రొడక్షన్ మేనేజర్ వాడి భుజం మీద చెయ్యేసి నవ్వుతూ నడవడం చూశాడు. అదే మేనేజర్ ఇంకోరోజు "మీ బావమరిది పని బాగా నేర్చేశాడండీ మాస్టారూ, ఇంక మీరు కుర్చీలో కూర్చుని చూస్తే చాలు" అన్నాడు. ఆ మాట మాస్టారికి కంట్లో నలుసులా ఉండిపోయింది. తనను కుర్చీలో కూలేసి, తన పేరు చెడగొట్టి, ఆ చోటు కొట్టేద్దామని ఇద్దరూ కలిశారన్నమాట.

పైగా వాడి వెటకారం ఒకటి. టీ వచ్చినప్పుడు అందరూ గ్లాసు అంచు పట్టుకుని ఊదుకుంటుంటే, మాస్టారు పిడికిట్లో బిగించి పట్టుకుని తాపీగా కబుర్లు చెప్పేవాడు. చుట్టూ ఉన్నవాళ్ళు అబ్బో అనేవాళ్ళు. బావమరిది మాత్రం ఆ చేతివైపే చూస్తూ, "కాలట్లేదా బావా?" అనేవాడు. "నీలాంటి మెత్తని చేతులు కావురా" అని మాస్టారు కసురుకునేవాడు. అక్కడికీ వాడు చూపు తిప్పేవాడు కాదు.

ఒక సాయంత్రం ఇంట్లో భార్యను అడిగాడు. "మీ తమ్ముడు ఈమధ్య ఎవరితో తిరుగుతున్నాడు?"

"నన్నడుగుతారేంటి? పొద్దస్తమానం మీ పక్కనే ఉంటాడుగా!" అందామె బట్టలు మడతపెడుతూ. "వాడి సంగతి తరవాత. పిల్ల దూకే రోజు దగ్గరికొచ్చేస్తోంది. ఆ తాడు సంగతి చూసుకోండి ముందు. దాన్ని ఎలా పంపిస్తున్నానో అలా తీసుకురావాలి."

పిల్ల అంటే వాళ్ళ ఒక్కగానొక్క కూతురు. బక్కగా ఉండి ఎక్కడికైనా చటుక్కున ఎక్కేస్తుందని జట్టులో అందరూ పిచ్చుక అంటారు. హీరోయిన్ బదులు దూకేది ఆమే. మూతపడిన నూలు మిల్లు కప్పుకింద ఇనప చట్రం మీద నుంచి కిందికి దూకాలి, సిమెంటు నేలకు మనిషి ఎత్తున ఆగాలి. ఇంత ఎత్తు నుంచి ఆమె ఎప్పుడూ దూకలేదు. మాస్టారికి భయం గిలక మీద లేదు, తాడు మీద లేదు. భయమంతా ఆ ముడి మీద పడబోయే చెయ్యి గురించి. షాండ్లియర్ దగ్గర మడమతో పోయింది. ఇక్కడ మడమతో పోదు. తన మీద కోపం ఎంతున్నా సొంత మేనకోడలి విషయంలో వాడు అంతపని చేస్తాడా? చెయ్యడని మనసు ఒకవైపు చెబుతూనే ఉంది. ఇంకోవైపు, ఆ పిల్లా వాడూ మెట్లకింద నిలబడి చెవులు కొరుక్కోవడం తన కళ్ళతో తానే చూశాడు. తాను దగ్గరికి వెళ్ళగానే ఇద్దరూ నోళ్ళు మూసుకున్నారు.

"ఏంటి మీటింగు?"

"బూట్ల గురించి నాన్నా. కొంచెం బిగుతుగా ఉన్నాయి" అంది పిచ్చుక. ఆమె కాళ్ళకు చెప్పులున్నాయి.

దూకే రోజు రానే వచ్చింది. మిల్లు కప్పులోని అద్దాల నుంచి పడే ఎండలోనే తీయాలని డైరెక్టర్ పట్టు. ఎండ మనిషి కోసం ఆగదు గనక ఆయన పొద్దున్నే కాలు కాలిన పిల్లిలా తిరగడం మొదలుపెట్టాడు. మామూలుగా అయితే ముందు ఇసుక బస్తాను కట్టి వదిలి చూస్తారు. బస్తాలన్నీ వరద సెట్‌లో అడ్డుకట్టకు పోయాయి, తెప్పించే టైం లేదన్నాడు మేనేజర్. మాస్టారు పట్టుబట్టలేదు. తన ముడికి పరీక్ష ఏమిటి?

కళ్ళు మూసుకుని ముడి వేశాడు. తడిమాడు. "ఊఁ" అన్నాడు. తరవాత ఒక ప్లాస్టిక్ కుర్చీ లాక్కుని స్తంభాన్ని ఆనుకుని కూర్చున్నాడు. ఇక లేవలేదు.

బావమరిది నెమ్మదిగా వచ్చాడు. "బావా, పోయి తినిరా. నేను కూర్చుంటా."

"ఆకల్లేదు."

"పోనీ కాసేపు అలా నడిచిరా, నడుం పట్టేస్తుంది."

"నా నడుం సంగతి నీకెందుకురా?"

వెళ్ళాడు, మళ్ళీ వచ్చాడు. మంచినీళ్ళు తెచ్చాడు. వాడి చూపంతా ముడి మీదే ఉంది. మాస్టారు లేచి నిలబడి, అందరూ వినేలా అన్నాడు. "అదుగో, ఆ గోడ దగ్గరికి పో. నేను పిలిచేదాకా అక్కణ్ణించి కదిలావంటే ఊరుకోను."

సెట్ మొత్తం తిరిగి చూసింది. బావమరిది ముఖం పాలిపోయింది. వెళ్ళి గోడకు ఆనుకుని నిలబడ్డాడు. దొరికిపోయాననుకుంటున్నాడు వెధవ అని మాస్టారు లోలోపల సంతోషించాడు. ఇంక తన బిడ్డకు భయం లేదు.

ఎండ సరిగ్గా పడింది. కెమెరాలు తిరిగాయి. పైన ఇనప చట్రం అంచున పిచ్చుక నిలబడింది. పైనున్నవాళ్ళకు కింది ముడి కనపడదు. అందుకని దూకేముందు "ముడి ఎవరిది?" అని అరవడం, కట్టినవాడు "నాది" అని బదులివ్వడం జట్టులో అలవాటు. బదులు రాకపోతే ఎవరూ దూకరు.

"ముడి ఎవరిది?"

"నాది!" అని మాస్టారు గొంతెత్తి అరిచాడు.

పిచ్చుక దూకలేదు.

వినపడలేదేమో అనుకున్నాడు. ఆమె మళ్ళీ అడిగింది.

"నాదేనమ్మా! మీ నాన్నదే!"

పిచ్చుక అక్కడే చతికిలబడింది. డైరెక్టర్ కట్ కట్ అని నెత్తి కొట్టుకున్నాడు. మాస్టారు మేనేజర్‌ను కుర్చీలో కూర్చోబెట్టి, ముడిని ఎవర్నీ ముట్టుకోనివ్వొద్దని చెప్పి, గోడ దగ్గరున్న మనిషి మీంచి చూపు తియ్యకుండానే ఇనప మెట్లెక్కి పైకి వెళ్ళాడు.

"ఏంటమ్మా? భయమేసిందా?"

పిచ్చుక ఏడుస్తోంది. "నీ వేళ్ళకి స్పర్శ లేదు నాన్నా. ముడి చివర బిగియట్లేదు. నీకు తెలీట్లేదు."

"ఎవరు చెప్పారు నీకు?"

"షాండ్లియర్ దగ్గర జారింది నీ ముడే. ఆ రోజు నుంచి నువ్వు కట్టిందల్లా మామయ్య చాటుగా విప్పి మళ్ళీ కడుతున్నాడు. అందుకే ఇంకెవరికీ ఏం కాలేదు. బయటికి తెలిస్తే నిన్ను ఎవరూ పిలవరని ఎవరికీ చెప్పొద్దన్నాడు. ఈరోజు నువ్వు గోడ దగ్గరికి పొమ్మన్నావు, మళ్ళీ కట్టనివ్వలేదు."

మాస్టారికి ఒళ్ళు మండిపోయింది. చివరికి కన్నకూతుర్ని కూడా వాడు తిప్పుకున్నాడు! "మీరిద్దరూ కలిసి నన్ను ముసలాణ్ణి చేద్దామనుకుంటున్నారా?"

"బస్తా కట్టి వదులు నాన్నా. అది ఆగితే నేను దూకుతా. మళ్ళీ మాట్లాడను."

వరద సెట్ నుంచి ఒక బస్తాను పరుగున పైకి తెప్పించారు. పిచ్చుక తన బెల్టుకున్న కొక్కెం తీసి తనే దానికి తగిలించింది. మాస్టారు దాన్ని కాలితో తోశాడు. తాడు బిగిసింది, బస్తా నేలకు మనిషి ఎత్తున ఆగింది. చూశావా అనబోయాడు. ఆ మాట నోట్లో ఉండగానే తాడు సర్రున జారింది. బస్తా సిమెంటు మీద పడి పగిలి, తడి ఇసుక కెమెరాల దాకా చిమ్మింది.

ముందు తేరుకున్నది డైరెక్టర్. "చెప్పానా! మనలోనే ఉన్నాడని చెప్పానా లేదా!" అంతే, అందరి తలలూ గోడవైపు తిరిగాయి. మేనేజర్ ఒక్క ఉదుటున వెళ్ళి బావమరిది కాలర్ పట్టుకున్నాడు. "వీడే! పొద్దున్నించీ స్తంభం చుట్టూ పిల్లిలా తిరుగుతున్నాడు. పసిదాన్ని చంపుదామనుకున్నావురా?" ఎవరో చెయ్యి కూడా చేసుకున్నారు.

బావమరిది కాదనలేదు. తల పైకెత్తి బావవైపు చూశాడు. ఏమీ అనొద్దన్నట్టు మెల్లగా తల అడ్డంగా ఊపాడు.

మాస్టారికి అర్థమైంది. ఊరుకుంటే చాలు. సెట్ మొత్తం నమ్మేసింది. తన పేరు చెక్కు చెదరదు, ముడికి మచ్చ పడదు. అయినా లోపల ఇంకా ఒక మూల అనుమానం పోలేదు. వాడు ఎప్పుడైనా, ఎలాగైనా చెయ్యి పెట్టి ఉండకూడదా? తను కొంచెంసేపు కునుకు తీసి ఉండకూడదా?

తల దించుకున్నాడు. అప్పుడు కనపడింది, పిచ్చుక తన కుడిచేతిని రెండు చేతులతో గట్టిగా పట్టుకుని ఉంది. వేళ్ళ గోళ్ళు తెల్లబడేంత గట్టిగా పట్టుకుంది. ఎప్పుడు పట్టుకుందో ఆయనకు తెలియలేదు. చూసి ఉండకపోతే ఇప్పటికీ తెలిసేది కాదు.

ఆ సిమెంటు మీది ఇసుక చోట ఎవరుండేవారో అప్పుడు గానీ కళ్ళకు కట్టలేదు.

"వాణ్ణి వదలండి!" అని అరిచాడు.

"మీకు తెలీదు మాస్టారూ, వీడు..."

"వదలమన్నానా! వాడు స్తంభం దగ్గరికి రాలేదు. ఎవరూ రాలేదు. పొద్దున్నించీ తిండి కూడా మానేసి నేనే కాపలా కూర్చున్నా." మెట్ల కమ్మీని ఎడమచేత్తో పట్టుకుని, గోడవైపు వంగి చూశాడు. "రారా... వచ్చి పిల్లకి తాడు కట్టు."