గడప ముందు మేనమామ

విరుదునగర్‌లో చెల్లెలి ఇంటి గడప ముందు రంగసామి ఆగిపోయాడు. చేతుల్లో మేనమామ కానుకల సీరు పళ్లెం, అందులో పట్టుపావడా, గాజులు, కొబ్బరికాయలు. ముహూర్తం దాటకుండా తొమ్మిదిన్నర లోపల మూడేళ్ల మేనకోడలు సత్యప్రియను ఒళ్లో కూర్చోబెట్టుకోవాలి. మేనమామ ఒడి లేకుండా వాళ్ల ఇళ్లలో పిల్లలకు చెవులు కుట్టరు. తొమ్మిదీ పది అయింది. కంసాలి సూది తీసి పెట్టుకున్నాడు.

రంగసామి కాలు ఎత్తాలనుకున్నాడు. పాదం నేలను వదల్లేదు.

సీరు తెచ్చిన మేనమామ గడప దాటలేదంటే అలిగాడని అర్థం. చెల్లెలి భర్త గోపాలకృష్ణన్ పరుగున వచ్చాడు.

"ఏం కొరవ చేస్తిమి బావా? పిలుపు పత్రిక టపాలో పంపితినని కోపమా? నేనే మీ కోవిల్‌పట్టికి వచ్చుండాల. తప్పే."

"లేదు" అన్నాడు రంగసామి. ఆ మాట పళ్లెం దాటి పోలేదు. ముఖం కదల్లేదు.

"అన్నా, పోయినేడు కూరలో నీకు ఎముకలే పడినాయనా?" అంది చెల్లెలు సుబ్బులక్ష్మి.

"వడ్డించింది నేనే" అని లోపలి నుంచి ఆమె అత్తగారు ఒప్పుకుంది.

రంగసామి ఏడాదిగా మాత్రలు మింగుతున్నాడు. చెల్లెలికి చెప్పవద్దన్నది తనే.

వెనక ఆటో దిగిన భార్య చిన్నతాయి పూలబుట్టతో వచ్చి నవ్వింది.

"అలకా లేదు మన్నూ లేదు సుబ్బూ. మీయన్నకు పార్కిన్సన్. తలకాయలో ఊరే రసం ఒగటి తగ్గిపోయిందంట. మనసు చెప్పేది కాలికి అందదు. వాకిలి కాడ ఇట్లనే నిలిచిపోతాడు. మొగం, గొంతు కూడా అంతే. ఎదట ఏమన్నా అడ్డం పెడితే దాటుతాడని డాక్టరు చెప్పినాడు."

ఆమె గడప పక్కన తన పాదం అడ్డంగా చాపింది.

"అయ్యో వదినా, మనిషిని దాటేదా? దాటితే పెరగరంటారే!"

"నాకింక పెరిగే వయసా? నువ్వు దాటయ్యా."

రంగసామి ఆ పాదాన్ని చూశాడు. కాలు లేచింది. రెండోది దాని వెంట వచ్చింది.

పీట మీద కూర్చోగానే ఎడమచెయ్యి ఆడసాగింది. కంసాలి సూది వెనక్కి తీశాడు.

"పాపను పట్టుకోనీ, నిలుస్తుంది. పని లేకుంటేనే అది ఆడేది" అంది చిన్నతాయి.

రంగసామి సత్యప్రియ తలను రెండు చేతుల మధ్య పట్టుకున్నాడు. చెయ్యి ఆగింది. తొమ్మిదీ ఇరవై అయిదుకు రెండు చెవులూ అయ్యాయి. పిల్ల అరుపు వీధి చివరికి వినిపించింది.

"నిజంగా అలక లేదే అన్నా?"

అతను ఏదో అన్నాడు. సుబ్బులక్ష్మి అతని నోటి దగ్గర చెవి పెట్టి విని, ఇంట్లో అందరికీ వినబడేలా చెప్పింది.

"నవ్వుతా ఉన్నాడంట!"