కళ్ళు నెత్తికెక్కిన మనిషి

"కళ్ళు నెత్తికెక్కాయా నాన్నా?" అని కూతురు అరిచి నెల కూడా కాలేదు. గిరాకీ ఇచ్చిన కొత్త కోటు మీద టీ ఒలకబోసి, కనీసం కిందికైనా చూడలేదు ఆయన.

నలభై ఏళ్ళుగా టైలరు. కళ్ళు మూసుకుని కాజాలు కుట్టేస్తాడని పేరు. అలాంటిది ఈ ఏడాదిలో కుట్లు వంకర పోయాయి. తినేదాంట్లో సగం చొక్కాకే. మెట్ల మీద మూడుసార్లు పడ్డాడు. మూడు కళ్ళజోళ్ళు మార్చారు. దగ్గరివి అద్దం కింది భాగంలోంచి చూడమంటే, "అదెక్కడుందే?" అనేవాడు. ఇంటిల్లిపాదీ నవ్వారు. ఎవరో రాసిన కంప్యూటర్ ప్రోగ్రాముల్లో తప్పులు పట్టి జీతం తెచ్చుకునే పిల్లకి, ఇంట్లో తప్పు మాత్రం పొగరులా కనబడింది.

ఇప్పుడు నరాల డాక్టరమ్మ పెన్ను పట్టుకుని ఆయన ఎదురుగా కూర్చుంది.

"తల కదపకుండా, కళ్ళు మాత్రమే తిప్పుతూ దీన్నే చూడండి."

కళ్ళు పక్కలకి మెల్లగా వెళ్ళాయి. పైకి కాస్త వెళ్ళాయి. పెన్ను కిందికి దిగింది. కళ్ళు దిగలేదు.

"కిందికి చూడండి పెద్దాయనా."

"చూస్తున్నానమ్మా," అన్నాడాయన, ఆవిడ నుదుటికేసి చూస్తూ.

"సరే, నా ముక్కే చూస్తూ ఉండండి." డాక్టరమ్మ ఆయన తల పట్టుకుని గడ్డం పైకెత్తింది. కళ్ళు చక్కగా కిందికి దిగాయి.

పక్కనున్న కూతురికి ప్రాణం లేచొచ్చింది. "దిగాయిగా మేడమ్! అయితే పర్లేదా?"

"కళ్ళు బానే ఉన్నాయమ్మా. చూడమని చెప్పే చోటు పాడైంది, మెదడులో. వాటంతట అవి దిగుతాయి, ఈయన దించితే దిగవు."

"మందు?"

"దీన్ని ఆపే మందు లేదు. పడకుండా కాసుకోవాలి. ముందుముందు మాటా, మింగడమూ కష్టమవుతాయి."

"రీస్టార్ట్ లాంటిదేమైనా..." నోరు జారి నాలుక్కరుచుకుంది. "పోనీ, మిషన్ కంటి ఎత్తులో పెడితే కుట్టగలడా?"

"పెట్టి చూడండి. ఎన్నాళ్ళో చెప్పలేను."

ఆసుపత్రి మెట్ల మీద కూతురే ముందు దిగింది, ఆయన చేతులు తన భుజాల మీద వేసుకుని.

"ఇంకెన్నున్నాయే?"

"నాలుగే నాన్నా."

పదకొండున్నాయి.

కొట్లోకి రాగానే మిషన్ని ఊడదీసి, కటింగ్ బల్ల మీద రెండు పెట్టెలేసి పైకెక్కించింది. కాలితో నొక్కే పెడలు వైరు నేలదాకా అందలేదు. స్టూలు మీద పెట్టి అరచేతులతో నొక్కింది.

"కూతురి చేతులే పెడలు. ఇంకేం కావాలి మహారాజుకి? కానివ్వు," అన్నాడాయన.

జానెడు కుట్టాడు. కుట్టు దారితప్పిన చీమలా ఎటో పోయింది.

"ఎలా వచ్చిందే?"

"తిన్నగా వచ్చింది నాన్నా."

ఆయన బొటనవేలితో కుట్టు వెంటే తడుముతూ పోయాడు. సగంలో వేలు ఆగింది.

"చిన్నప్పట్నుంచీ ఇంతే నువ్వు. అబద్ధమాడితే నేలకేసి చూస్తావు."

ఆయన చూపు ఆమె తల మీదుగా గోడకే ఉంది. ఆమె నేలకేసే చూస్తోంది.

"ఇంకో ముక్క ఇవ్వు," అన్నాడు మెత్తగా.

ఇచ్చి, రెండు చేతులతో నొక్కింది. ముక్క అయిపోయింది. సూది ఉత్తినే పైకీ కిందికీ ఆడుతోంది. "చాల్లేవే," అన్నాడాయన. ఆమె చేతులు తియ్యలేదు.