ఏడో మెట్టు కింది పలక

ఉదయం ఎనిమిది గంటలకు థీమ్ పార్కు వెనుక గేటు తెరుచుకోగానే మేస్త్రమ్మ మొదట చేసే పని చేతితొడుగులు పంచడం. రెండవది పలుగులు సరిచూసుకోవడం. మూడవది ఆనాటి ఏడుపులు పంచడం. మొదటి రెంటికీ ఎవరూ పేచీ పెట్టేవారు కారు. గొడవంతా మూడవదాని దగ్గరే.

"జారుడుబల్ల కింద నిన్న నేనే ఎత్తాను. ఇవాళ ఇంకెవరినైనా పంపండి," అన్నాడు ఏనుగు. అంత లావు మనిషిని మరో పేరుతో పిలవాలని ఎవరికీ తోచలేదు. "నిన్న ఒక్కరోజే మూడుసార్లు ముక్కు పగిలింది నాకు."

"ఏదీ, కనబడదే?"

"కనబడకపోతే నొప్పి లేనట్టా అమ్మా?"

"సరే, ఉయ్యాలల వైపు పో. అక్కడన్నీ మోకాళ్లే."

పిల్లల ఆటస్థలాన్ని విప్పి కొత్తగా కట్టే పని అది. అక్కడ నేలపై పరిచిన రబ్బరు పలకలు పన్నెండేళ్లనాటివి. ఒక్కొక్క పలక, తన మీద పడ్డ పిల్లల దెబ్బలలో అన్నిటికంటె గట్టిదానిని దాచుకొని ఉండేది. పలుగు పెట్టి పెకలించిన వారికి ఆ దెబ్బ వచ్చి తగిలేది. గాయం కాదు, రక్తం రాదు; కాని ఆ బిడ్డ ఆనాడు ఎంతసేపు ఏడ్చిందో అంతసేపూ ఏడవక తప్పదు. పెకలించగానే పలక వట్టి రబ్బరైపోతుంది; ఏడుపు తీరిన తరువాతే నొప్పి పోతుంది. ఏ పాత ఆటస్థలాన్ని విప్పినా ఉండే తంటాయే కనుక దీనిని ఎవరూ వింతగా చెప్పుకొనేవారు కారు. తుప్పు పట్టిన మరలను చూచి ఎట్లా విసుక్కుంటారో, దీనికీ అట్లాగే విసుక్కొనేవారు.

అందుచేత ఆ పది రోజులుగా ఆటస్థలంలో ఎటు చూచినా ఆరడుగుల మగవాడొకడు చతికిలబడి, పెదవి విరిచి, "అమ్మకి చెప్తా" అని వెక్కుతూ ఉండేవాడు. పక్కవాడు ఒక చేత్తో వాడి వీపు నిమురుతూ, రెండవ చేత్తో మరలు విప్పుకొనేవాడు. ఐస్‌క్రీము చేతికి రాగానే ఆగిపోయిన ఏడుపులూ కొన్ని ఉండేవి. అటువంటిది తగిలినవాడు చటుక్కున ఊరుకొని, పెదవులు నాక్కొని, లేచి పనిలో పడేవాడు. ఆ పలకలకు మాత్రం పోటీ ఉండేది.

పది గంటలకు మేనేజరు వచ్చాడు.

"రోజుకి ఎనభై పలకలన్నారు మేడం. నిన్న ముప్పై ఒకటి."

"మీ అగ్రిమెంటులో ఎత్తడానికి టైమిచ్చారు సార్, ఏడవడానికి ఇవ్వలేదు."

"ఏడుస్తూనే ఎత్తొచ్చు కదా?"

"ఒకటి ఎత్తి చూపించండి, మావాళ్లు చూసి నేర్చుకుంటారు."

మేనేజరు తన ఇస్త్రీ చొక్కా చేతులు చూచుకొని మాట మార్చాడు. "ఇంకో సంగతి. ఇది మళ్లీ తెరిచాక పిల్లల్ని కనిపెట్టుకుని ఉండడానికి మనిషి కావాలని ప్రకటన వేశాం. మీ తమ్ముడు దరఖాస్తు పెట్టాడు."

మేస్త్రమ్మ చేతిలోని కొలతల టేపు సర్రున లోపలికి చుట్టుకుపోయింది.

"సాయంత్రానికి లిస్టు తేల్చాలి. ఆ పాత గొడవ ఫైల్లో ఉంది. మీరు గట్టిగా చెబితే ఆలోచిస్తాను."

"నేను చెప్పేదేముంది సార్. ఫైల్లో ఉన్నదే నా మాట."

ఫైలులో ఉన్నది నిజంగా ఆమె మాటే. మూడేళ్ల క్రిందట తమ్ముడు ఇక్కడే పిల్లలకు కాపలా ఉద్యోగం చేసేవాడు. పిల్లలందరికీ ఉయ్యాల మామ. ఒకనాడు ఐదేళ్ల పాప ఎక్కుడు నిచ్చెన మీది నుంచి పడి చెయ్యి విరగ్గొట్టుకున్నది. రెండు నెలలలో చెయ్యి అతుక్కున్నది కాని ఉయ్యాల మామ మాట అతకలేదు. కాలి కింద ఏడో మెట్టు తిరిగిందని అతడన్నాడు. నిచ్చెన చేసింది మేస్త్రమ్మ. ప్రతి వెల్డింగు అతుకూ తన చేత్తో వేసింది. పార్కువారు ఆమెనే పిలిపించి చూడమన్నారు. ఆమె ఏడో మెట్టు మీద నిలబడి, రెండుసార్లు ఎగిరి, దిగి వచ్చి, "మెట్టు గట్టిగా ఉంది" అని వ్రాసి సంతకం పెట్టింది. మెట్టు గట్టిదైతే మనిషే ఏమరుపాటుగా ఉండాలి. ఫోను చూచుకుంటూ బిడ్డను పడనిచ్చినవాడని పేరు పడ్డ మనిషికి మరి ఏ పార్కులోనూ, ఏ బడిలోనూ పని దొరకలేదు. అప్పటి నుంచి అక్క ఇంట్లోనే ఉండి, వంట చేసి, మధ్యాహ్నం ఆమెకు క్యారేజీ తెచ్చి ఇస్తూ ఉన్నాడు. తప్పు చేశాడని కాదు ఆమె కోపం. తప్పును తన అతుకు మీదికి నెట్టాడని.

ఒంటి గంటకు అతడు క్యారేజీతో వచ్చాడు.

"నాతో ఒక్కమాట చెప్పకుండా దరఖాస్తు పెట్టావేంరా?"

"చెబితే పెట్టనిచ్చేదానివా?"

"ఫోన్ చూసుకున్నానని ఆరోజే ఒప్పుకునుంటే ఈపాటికి అందరూ మర్చిపోయేవాళ్లు."

"చూసుకోలేదక్కా. మెట్టు తిరిగింది."

"మళ్లీ అదే పాట. మూడేళ్లుగా వినలేక చస్తున్నా."

"మూడేళ్లుగా మాట మార్చలేదంటే ఎందుకో ఒక్కసారైనా ఆలోచించావా?"

మేస్త్రమ్మ ముద్ద నోట్లో పెట్టుకున్నది. "కూరలో ఉప్పెక్కువైంది."

"నిన్న తక్కువైందన్నావు."

"నిన్న తక్కువే అయింది."

అతడు మూత పెట్టి, లిస్టు తేలేదాకా గేటు బయట బెంచీ మీద ఉంటానని వెళ్లిపోయాడు. ఆమెకు ఒళ్లు మండిపోయింది. అందరూ వచ్చేపోయే చోట కూర్చొని, లేదనిపించుకొని, ఆ మొహం వేసుకొని తనతో ఇంటికి రావడం దేనికి? రాత్రికి ఫోనులో చెప్పేవారు కదా.

మధ్యాహ్నం తరువాత మిగిలినవి నిచ్చెన ఉండిన చోటి పలకలు. నిచ్చెనను మొదటి రోజే ఊడదీసి, తుక్కుతోపాటు వెనుక గోడకు చేర్చారు. నాలుగింటికి తుక్కుబండి రావలసి ఉన్నది. పదకొండు పలకలు తీశారు. పన్నెండవదాని దగ్గరకు వచ్చి, జట్టులో పెద్దవాడూ, అందరూ బాబాయ్ అని పిలిచేవాడూ అయిన ముసలి పనివాడు పలుగు నేల మీద పెట్టేశాడు.

"ఇది నేనెత్తనమ్మా. చెయ్యి విరిగిన పలక ఇది. నా వయసుకి తట్టుకోలేను."

"ఏనుగూ, నువ్వు రా."

"పొద్దుటి నుంచి ఇరవై రెండు మోకాళ్లు. లేచి నిలబడలేకపోతున్నా."

"ఏం మనుషులయ్యా మీరు. ఒక్క పలక. ఒక్క చిన్నపిల్ల దెబ్బ."

"మీరు ఒక్కటి కూడా ఎత్తలేదు కదమ్మా," అన్నాడు బాబాయ్, తప్పుపట్టినట్టు కాక, ఉన్న సంగతి చెప్పినట్టు. "అందుకని అలా అంటున్నారు."

మేస్త్రమ్మ చేతితొడుగు లాగి తొడుక్కొని, పలుగు అందుకొని, పలక అంచు కింద గుచ్చి, ఒక్క ఊపున పైకి లేపింది.

ఆమెకు ఐదేళ్లు వచ్చాయి. ఎండకు వేడెక్కిన గొట్టాలు అరచేతులలో ఉన్నాయి. పై మెట్టు దూరంగా ఉన్నది. అందుకోవాలంటే కాలివేళ్లతో తన్ని ఎగబాకాలి. తన్నింది. పాదం కింద మెట్టు పెన్సిలు దొర్లినట్టు దొర్లింది. ఆకాశం కిందికి వచ్చింది. అందులో తలకిందులుగా తమ్ముడి ముఖం కనబడింది. అతడు అప్పటికే పరుగెత్తి వస్తున్నాడు, రెండు చేతులూ పైకి చాచి ఉన్నాయి, రెండూ ఖాళీగా ఉన్నాయి. అతని వేళ్లు ఆమె మడమకు తగిలాయి. పట్టు చిక్కలేదు.

నేల తగిలాక మేస్త్రమ్మ ఎడమ చెయ్యి పట్టుకొని కూర్చుండిపోయింది. జట్టు అంతా చుట్టూ చేరి ఏడుపు కోసం ఎదురుచూచింది. ఏడుపు రాలేదు.

"ఏడ్చేయండమ్మా," అన్నాడు ఏనుగు. "ఏడిస్తేనే పోతుంది."

"రావడం లేదు."

"కొందరు పిల్లలంతే. అప్పటికప్పుడు ఏడవరు. ఎవరైనా ఎత్తుకున్నాకే ఏడుస్తారు," అన్నాడు బాబాయ్.

ఆమె లేచి, చెయ్యి గుండెలకు ఆనించుకొని, తుక్కు దగ్గరకు నడిచింది. నిచ్చెనను గోడకు నిలబెట్టించింది. ఏడో మెట్టు నడుము ఎత్తున ఉన్నది. పక్కనున్న పెట్టె మీదికి ఎక్కి, అక్కడి నుంచి మెట్టు మీద నిటారుగా నిలబడింది, కదలలేదు. మూడేళ్ల క్రిందటా అట్లాగే నిలబడింది. పెద్దవారందరూ మెట్టెక్కితే అట్లాగే నిలబడతారు. పెట్టె మీదికి దిగి, బూటు విప్పి, కాలివేళ్లు ఆనించి, పిల్లలు తన్నినట్టు ముందుకు తన్నింది. మెట్టు దొర్లింది.

మెట్టు కొనల దగ్గర ఊడి లేచిన తన అతుకును గోటితో లేపి చూచింది. అతుకు కింద ఆకుపచ్చ రంగు మెరిసింది. రంగు మీద వేసిన అతుకు లోహాన్ని పట్టదని తన జట్టుకు వెయ్యిసార్లు చెప్పిన మనిషి ఆమె. ఆ ఒక్క మెట్టుకు ఎందుకు గీకలేదో ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. ఎవరో పిలిచి ఉంటారు. ఆకలై ఉంటుంది. అంతకంటె గొప్ప కారణం ఉండి ఉండదు.

"ఏమిటమ్మా సంగతి?" అని బాబాయ్ దూరం నుంచి అడిగాడు.

పలకలో ఇక ఏమీ లేదు. బండి వస్తే నిచ్చెనా ఉండదు. కొత్త నిచ్చెనల పని ఆమెకే ఇస్తామని మాట అయి ఉన్నది. ఆమె బూటు తొడుక్కొన్నది. ఒంటి చేత్తో తాడు ముడి పడక రెండుసార్లు విసుక్కొన్నది.

"బండివాడొస్తే నిచ్చెన ఇవ్వొద్దు బాబాయ్," అని ఆఫీసు గది వైపు నడిచింది.

మేనేజరు అంతా విని తల పట్టుకున్నాడు. "ఇప్పుడా మేడం చెప్పడం? మెట్టు గట్టిగా ఉందని సంతకం పెట్టింది మీరే కదా?"

"నేనే. తెల్లకాయితం ఇవ్వండి, ఇంకోటి పెడతాను."

"ఇది రాసిచ్చాక కొత్త నిచ్చెనల పని మీకెలా ఇవ్వను? పైవాళ్లు ఊరుకుంటారా?"

"ఇవ్వకండి. చేసేవాడెవడో వాణ్ణి ముందు రంగు గీకి అతకమనండి. పిల్లలు ఎక్కినట్టు ఎక్కి చూడమనండి."

"మీ తమ్ముడి కోసం చెప్తున్నారని అంటారు."

"అనేవాళ్లని నిచ్చెన దగ్గరికి పంపండి. బూట్లు విప్పి రమ్మనండి."

ఆమె వ్రాసింది. మేనేజరు రెండుసార్లు చదివి, విసుగ్గా నిట్టూర్చి, కుడివైపు దొంతర అడుగున ఉన్న దరఖాస్తును లాగి ఎడమవైపు దొంతర మీద పెట్టాడు. "సోమవారం ఎనిమిదింటికి రమ్మనండి. ఆలస్యమైతే ఊరుకోను."

గేటు బయట తమ్ముడు ఆమె ముఖం చూచి లేచి నిలబడ్డాడు. "లేదన్నారా? సరేలే అక్కా. ఆ చెయ్యేమిటి అలా పట్టుకున్నావు?"

"మెట్టు తిరిగింది," అన్నది మేస్త్రమ్మ.

అతడు చేతిలోని క్యారేజీ బెంచీ మీద పెట్టాడు. తరువాత, "నేను చెప్పాను కదా," అన్నాడు నెమ్మదిగా.

"చెప్పావు. సోమవారం ఎనిమిదింటికి రమ్మన్నారు. ఆ మాసిన చొక్కాతో వెళ్లకు."

"చెయ్యి బాగా నొప్పిగా ఉందా?"

"ఉండక? విరిగింది కదరా."

అతడు ఆనాడు పాపను ఎత్తుకొన్నట్టే ఆమె భుజం చుట్టూ చెయ్యి వేశాడు. అప్పుడు వచ్చింది ఏడుపు. గొంతు చించుకొని, ముక్కు కారుతూ, ఐదేళ్ల బిడ్డ ఏడుపు. టిక్కెట్ల వరుసలోనివారు ఒకసారి తిరిగి చూచి, బట్టల మీది రబ్బరు పొడి గమనించి, మళ్లీ ముందుకు తిరిగారు.

ఆనాడు నిచ్చెన దగ్గర నుంచి ఫస్ట్ ఎయిడ్ గదిదాకా పాపను మోసుకొని పరుగెత్తింది తమ్ముడే. ఆ దారి రెండు వందల అడుగులుంటుంది; గది గుమ్మంలో నర్సు కనబడగానే పాప ఊరుకున్నది. అక్కను నడిపించుకొంటూ అతడు మనసులోనే అడుగులు లెక్కపెట్టాడు. రెండు వందలైనాయి. ఆమె ఎడమ చెయ్యి గుండెల మీది నుంచి జారి, మామూలుగా కిందికి వేలాడింది. ఏడుపు ఆగలేదు. మూడు వందలైనాయి. బస్టాపు వచ్చింది. ఎక్కవలసిన బస్సు ఒకటి వచ్చి వెళ్లిపోయింది.

అతడు లెక్కపెట్టడం మానేసి, తరువాతి బస్సు కోసం నిలబడ్డాడు.