ఆరో బేరింగు దాకా

నాగర్‌కర్నూల్ పొలిమేరలోని ఆ పత్తి మిల్లులో బేరింగులకు గ్రీజు పెట్టడమంటే నడుస్తున్న మిషన్లో చెయ్యి పెట్టడమే. సీజన్లో మిషన్ ఆపాలన్న మాట సేటు చెవికి ఎక్కదు. ఇరవై రెండేళ్లు ఆ పని చేసిన నర్సింహులు నిరుడు ఎడమచేతి రెండు వేళ్లు బెల్టుకు ఇచ్చుకున్నాడు. సేటు అతన్ని కాంటా దగ్గరికి మార్చి, ఈ సీజన్ నుంచి గ్రీజు పని అతని తమ్ముడు బాలకృష్ణకు అప్పజెప్పాడు. ఆ మాట విన్న రోజు నుంచి నర్సింహులుకు అన్నం సయించలేదు. తమ్ముణ్ని భుజాన వేసుకుని పెంచినవాడు మరి.

ఒక్కో బేరింగుకు ఒక సన్నటి పైపు బిగించి, దాని మూతిని మిషన్ చుట్టూ ఉండే ఇనుప జాలీ బయటికి తెస్తే, బయట నిలబడే గ్రీజు కొట్టొచ్చని నర్సింహులు మూడు నెలలు సేటు వెంటపడి పోరుపెట్టాడు. చివరికి సేటుకే విసుగొచ్చింది. "సరే, పైపులు ఏపిచ్చుకో. సీజన్ షురువు జేసే ముహూర్తం నాటికి కాకుంటే మాత్రం పాత తీరే" అన్నాడు.

అచ్చంపేట నుంచి ఫిట్టర్ ఫకీర్ వచ్చాడు. మహా నిదానం మనిషి, చాయ తాగడానికే పావుగంట పట్టేది. వస్తూనే మెయిన్ స్విచ్చి బందు చేసి తాళం వేశాడు.

"నర్సింహులన్నా, లోపల చెయ్యి పెట్టేటోళ్లు ఎవరి తాళం వాళ్లే ఎయ్యాలె. తాళంచెవి వాళ్ల జేబులనే ఉండాలె. మీ ఇంట్ల తాళం ఉన్నదా?"

నర్సింహులు ఇంటి తాళం తెచ్చి ఫకీర్ తాళం పక్కనే వేశాడు. ఆ రెండు రోజులూ ఇంటికి గొళ్లెమే కాపలా. పోయేదేముంది, రెండు మేకలు తప్ప?

ఇద్దరూ కలిసి ఆరు పైపులు డీజిల్‌తో కడిగి, గాలి కొట్టి, గ్రీజు నింపి, బెల్టుకు దూరంగా క్లిప్పులతో బిగించారు. నలుసు కూడా పోకుండా ఫకీర్ ఆరు మూతులకూ ప్లాస్టిక్ టోపీలు పెట్టాడు. తెల్లారి ఆ మూతుల దగ్గర గ్రీజు గన్ను పెట్టి కొట్టి చూడడమే మిగిలింది. పదీ ఇరవైకి ముహూర్తం.

పొద్దున తొమ్మిదిన్నరకు మొదటి పైపుకు గ్రీజు కొట్టారు. గన్ను బిగుసుకుపోయింది. బేరింగు దగ్గర చుక్క రాలేదు. ఫకీర్ చెమట తుడుచుకుని మళ్లీ కొట్టాడు. రాలేదు.

మిల్లులో పత్తి ఊడ్చే నర్సమ్మ, నర్సింహులు భార్య, చీపురు పక్కన పెట్టి వచ్చింది.

"నేనే జేసిన. తెల్లారంగ మిషన్‌కు బొట్లు పెట్టిన గదా. మా మరిది చేతులు గాపాడేటియి గియ్యే గదా అని టోపీలు దీసి, ఒక్కోదాంట్ల ఇంత పసుపు, నాలుగు అక్షింతలు ఏసిన. మల్ల టోపీలు పెట్టిన."

నర్సింహులు తల పట్టుకున్నాడు. ఫకీర్ మాత్రం నవ్వాడు. "నా పైపులకు ఇంత మర్యాద ఎవ్వరు జెయ్యలే అక్కా. గాని పసుపు బేరింగుల వడితే ఖరాబైతది. ఆరు ఇప్పాలె, మల్ల కడగాలె. రెండు గంటలు."

సేటు గడియారం చూసుకున్నాడు. "రెండు గంటలా? ముహూర్తం పోతది. పైపులు మల్ల ఎప్పుడన్న చూద్దాం. ఇయ్యాల్టికి పాత తీర్గనే. తాళాలు తియ్యిండ్రి."

ఎప్పుడన్నా అంటే ఎప్పుడూ కాదని మిల్లులో అందరికీ తెలుసు. ఫకీర్ తలొంచుకున్నాడు. "మిల్లు మీది సేట్. నా చెయ్యి లోపల లేదు, నా తాళం తీస్త. అన్న తాళం అన్న ఇష్టం."

స్విచ్చి మీద ఒక్క తాళమే మిగిలింది. అందరూ నర్సింహులు వైపు చూశారు. ఇరవై రెండేళ్లలో సేటుకు ఒక్కసారి ఎదురు చెప్పినవాడు కాడు. ఉన్న నౌకరి కూడా పోతుందని తెలుసు. పక్కనే బాలకృష్ణ, పాత పద్ధతికి సిద్ధపడి, చొక్కా చేతులు మడుచుకుంటున్నాడు.

"నేను తియ్యను సేట్" అన్నాడు నర్సింహులు. "ఆరో బేరింగు కాడ గ్రీజు కండ్ల జూస్తెనే తీస్త. నన్ను తీసేస్తె తీసెయ్యిండ్రి. నా చేతి ఏళ్లు వొయ్యినా నేనేమన్లే. వీని చేతులు మాత్రం ఇయ్య."

సేటు మండిపడబోయి, తాళం మీద పెట్టిన ఆ మూడువేళ్ల చేతిని చూసి ఆగాడు. తర్వాత ఫోన్ తీసి పంతులుకు కలిపాడు. "పంతులూ, పన్నెండు తర్వాత మంచి గడియ ఏమన్న ఉందా?" అవతల పంతులు వెతికి వెతికి పన్నెండూ నలభై ఇచ్చాడు. ఫకీర్ మారుమాట్లాడకుండా తన తాళం మళ్లీ వేసి మిషన్ కిందికి దూరాడు.

పన్నెండున్నరకు ఆరో బేరింగు అంచున తేనెరంగు గ్రీజు కనిపించింది. జాలీ బిగించి, అందరూ బయటికి వచ్చాక, ఇద్దరూ తాళాలు తీశారు. మిల్లు నడిచింది. గంట తర్వాత బాలకృష్ణ జాలీ బయట నిలబడి, పక్కవాడితో ముచ్చట చెప్తూనే ఆరు పైపులకూ గ్రీజు కొట్టేశాడు.

నర్సింహులు ఫకీర్ రెండు చేతులూ పట్టుకుని కళ్లకద్దుకున్నాడు. ముఖమంతా గ్రీజు అయింది.

"నా తమ్ముణ్ని నాకు ఏం గాకుండ ఇచ్చినవ్ భాయ్. నీ రుణం ఎట్ల దీర్చుకోవాల్నో తెల్వదు."

"నేను ఏసింది పైపులే అన్నా" అన్నాడు ఫకీర్. "సేట్ తియ్యమంటె నేను నా తాళం తీసిన. నువ్వు తియ్యలే."