తీసేసిన నలభై వరుసలు

ఆ డయాలసిస్ యంత్రాలను ఆపింది మీరే. కరెంటు కాదు, ఖర్మ కాదు. ఆఫీసులో బల్ల చుట్టూ కూర్చుని "పాత తరం ప్రాసెసర్లు ఇంకా ఎవరు వాడుతున్నారు లెండి" అని చేతులు దులుపుకున్న మీరే.

ఆ బల్ల దగ్గర ఆమె కూడా ఉంది. అలాంటి యంత్రాల్లోని కంప్యూటర్ మేలుకోగానే అన్నిటికంటే ముందు నడిచే కోడ్ రాయడం ఆమె పని. లోపలున్న ప్రాసెసర్ ఏ తరానిదో ఆ కోడ్ కనుక్కుంటుంది. పాతదైతే పాత దారిన, కొత్తదైతే కొత్త దారిన నడిపిస్తుంది. పాత దారి మొత్తం నలభై వరుసలు. ఏదైనా తీసేసే ముందు "ఎవరికైనా అభ్యంతరమా?" అని మెయిల్ పెట్టడం మీ ఆఫీసు ఆనవాయితీ. నెల్లాళ్లు ఎవరూ ఉలక్కపోతే తీసేస్తారు. ఎవరూ ఉలకలేదు. ఆమె చేత్తోనే తీసేసింది.

కొత్త కోడ్ ఎక్కించిన మర్నాడు ఆసుపత్రిలో పది యంత్రాల్లో ఆరు నల్లటి తెరతో బిగుసుకుపోయాయి. వాటిని మళ్లీ లేపగలిగేది మీ ఆఫీసే. అక్కడే డయాలసిస్ చేయించుకునే ఆమె అన్నయ్య వంతు వారం తిరిగేలోపు రెండుసార్లు తప్పింది.

మంచం పక్కన కూర్చుని, అన్నయ్య వాచిన కాలిని చేతివేలితో నొక్కింది. పడ్డ గుంట పడ్డట్టే ఉంది. ఏడుపు రాలేదు. ఆ గుంటనే చూస్తూ కూర్చుంది.

"నీ పనేనటే?" అన్నాడు అన్నయ్య, ఆయాసపడుతూ.

"ఊఁ."

"చిన్నప్పుడు నా పలక తుడిచేదానివి. ఇప్పుడు నన్నే తుడిచేస్తున్నావు. బాగా పైకొచ్చావే."

నవ్వూ రాలేదు. దుప్పటి సర్ది, తిన్నగా ఆఫీసుకు వెళ్లింది.

అక్కడ అందరూ మేస్త్రి అని పిలిచే పెద్దాయన తల గోక్కున్నాడు. "నెల్లాళ్లు ఆగాం కదమ్మా! ఒక్కరైనా నోరు విప్పారా?"

"ఎవరు విప్పాలి సార్? సూది గుచ్చే నర్సుకి మన మెయిల్ వస్తుందా?"

"అలాగని ప్రతి ముసలి ప్రాసెసర్నీ నెత్తిన పెట్టుకు తిరుగుదామా? వచ్చే వెర్షన్ విడుదలలో చూద్దాంలే."

"అది మూడు నెలలకి. మా అన్నయ్య ఈ వారం దాటడు."

బస్సు నంబరు చెప్పినట్టు చెప్పింది. ల్యాప్‌టాప్ ఆయన ముందుకు జరిపింది. నలభై వరుసలూ మళ్లీ చేర్చి ఉన్నాయి. ఆయన అనుమతి ఒక్కటే బాకీ.

"నొక్కండి సార్. ఇది ఇవాళే ఆసుపత్రులన్నిటికీ వెళ్లాలి. ఇకమీదట ఏ తరాన్ని తీసెయ్యాలన్నా, ముందు మనలో ఒకరు ఆ యంత్రమున్న గదికి వెళ్లాలి. పక్క మంచమ్మీద ఉన్న మనిషిని అడిగి రావాలి. మెయిల్ కాదు, కాళ్లతో వెళ్లాలి. అదంతా తర్వాత రాసుకుందాం. ముందిది నొక్కండి."